మంచు కింద నడిచే చెక్క

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో ఉన్న విన్నిపెగ్ సరస్సు వైశాల్యం దాదాపు 24,500 చదరపు కిలోమీటర్లు. సగటు లోతు మాత్రం 12 మీటర్లే. చలికాలం వస్తే ఇంత నీరూ పైన గడ్డకడుతుంది. అయినా చేపల వేట ఆగదు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది, ఇంకా చల్లబడితే తేలికవుతుంది. అందుకే గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది, కింద నీరు నీరుగానే మిగులుతుంది, చేపలు బతికే ఉంటాయి.

మంచుకు కన్నం పెట్టడం శ్రమే, కానీ అసలు చిక్కు అది కాదు. పొడవాటి వలను ఒక కన్నంలోంచి దించి ఇంకో కన్నం దాకా తీసుకెళ్ళడం ఎలా? ఇక్కడి వేట పనిముట్ల చరిత్రంతా ఈ రెండు కన్నాల మధ్య దూరంతో పడిన పోరే.

ఆ ప్రాంతపు ఆదివాసులైన ఒజిబ్వే, క్రీ ప్రజలకు ఈ విద్య ముందునుంచీ తెలుసు. ఒజిబ్వే వేటగాడు ఒకే కన్నంతో పని కానిచ్చేవాడు. దాని మీద బోర్లా పడుకుని దుప్పటి కప్పుకుంటే పైవెలుతురు పోయి, మంచులోంచి దిగే కాంతిలో అడుగునీరు కనబడేది. చెక్కతో చెక్కిన బొమ్మచేపను తాడుతో ఆడిస్తే పెద్ద చేప దాని మీదికి వచ్చేది. అప్పుడు ఈటె దిగేది. వలకైతే వరసగా కన్నాలు కొట్టి, పొడవాటి గెడను మంచు కింద ఒక కన్నం నుంచి మరోదానికి తోసుకుంటూ పోవాలి. గెడ ఎంత పొడవో కన్నాల ఎడం అంతే.

1875 అక్టోబరులో ఐస్‌లాండ్ నుంచి వలసవచ్చినవాళ్ళు సరస్సు పడమటి ఒడ్డున గిమ్లీ ఊరు కట్టుకున్నారు. సముద్రపు వేట తెలిసినవాళ్ళే, కానీ గడ్డకట్టిన సరస్సు వాళ్ళకు కొత్త. తెచ్చుకున్న వలల కళ్ళు ఇక్కడి చేపలకు మరీ పెద్దవి. చలికాలం గడిపే మెలకువలు నేర్పినవాళ్ళలో జాన్ రామ్సే అనే ఒజిబ్వే మనిషి ఒకడు. ఆ వలస తన వాళ్ళ నేలను ఆక్రమించినా అతను సాయం మానలేదు. 1876లో వచ్చిన మశూచి అతని భార్యను పొట్టన పెట్టుకుంది.

20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ ప్రాంతపు జాలర్ల చేతుల్లో జిగ్గర్ అనే పనిముట్టు రూపుదిద్దుకుంది. చూస్తే మామూలు పలక. మధ్యలో గాడి, అందులో ఊగే ఇనుప చెయ్యి, దానికి కట్టిన తాడు. కన్నంలోంచి లోపలికి తోస్తే పలక తేలి మంచు అడుగుభాగానికి అతుక్కుంటుంది. తాడు లాగితే చెయ్యి మంచును పట్టి పలకను ముందుకు నెడుతుంది. వదిలితే చెయ్యి వెనక్కి వస్తుంది. లాగుతూ వదులుతూ ఉంటే పలక పాకుతూ పోతుంది. పైన ఇంకొకడు చెవి ఒగ్గి టకటక శబ్దాన్ని వెంబడిస్తాడు. తగినంత దూరం పోయాక అక్కడ కన్నం కొట్టి పలకను పైకి తీస్తాడు. పలక వెంట వచ్చిన తాడుకు వల కట్టి లాగేస్తారు. పదులకొద్దీ కన్నాల పని రెండింటితో తీరింది.

ఇక మిగిలింది ఒడ్డునుంచి వల దాకా దూరం. కుక్కల బండ్లు, గుర్రపు స్లెడ్జిలు ఆ పని చేసేవి. 1934 చలికాలంలో క్విబెక్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ రెండేళ్ళ కొడుకు, మంచులో దారి మూసుకుపోయి ఆసుపత్రికి చేరలేక చనిపోయాడు. మంచు మీద పోయే బండి కోసం ముందునుంచే పాటుపడుతున్న ఆయన 1937లో చక్రాల మీద తిరిగే పట్టీల బండికి పేటెంట్ పొందాడు. 1940లలో ఆయన తెచ్చిన గుండ్రటి కిటికీల బీ12 బండ్లను విన్నిపెగ్ జాలర్లు తమవి చేసుకున్నారు. పాతబడ్డ బండ్లను మరమ్మతు చేసి నేటికీ నడిపేవాళ్ళున్నారు.

సరదాకి గాలం వేసేవాళ్ళ కథ వేరు. వాళ్ళు కోరేది పికరెల్. మసక వెలుతురులోనూ చూపు ఆనే చేప కనుక తెల్లవారు, మునిమాపు వేళల్లో బాగా తింటుంది. చన్నీళ్ళలో చేప మందకొడిగా ఉంటుంది, ఎరను అదేపనిగా ఆడిస్తే బెదురుతుంది. కాసేపు ఆడించి ఆపాలి, తరచూ చేప అందుకునేది ఆ ఆపినప్పుడే. 1950ల చివర్లో చేత పట్టుకెళ్ళే సోనార్ వచ్చాక, ఎర దగ్గరికి చేప వచ్చిందో లేదో తెలుస్తోంది. అడుగు పెట్టేముందు చూడాల్సింది మాత్రం మంచు మందమే. నిగనిగలాడే గట్టి మంచు మనిషికి కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి, మంచు తెల్లగా ఉంటే దాని బలం సగమే. గాలికి పగుళ్ళు విచ్చి, పలకలు ఒకదాని మీదికొకటి ఎక్కే సరస్సులో నిన్నటి దారి ఇవాళ ఉంటుందన్న భరోసా లేదు.

కన్నం కొట్టడానికి ఒళ్ళు హూనమయ్యే రోజుల్లో వల జాలరి కన్నాలు తగ్గించుకునేందుకు పలకను పంపాడు. మోటారు బరమాతో క్షణాల్లో కన్నం పడే ఈ రోజుల్లో గాలం వేసేవాడు ఒకచోట తగలకపోతే ఇంకోచోట తొలుస్తాడు, చేపను వెతుక్కుంటూ తానే కదులుతాడు. కన్నం చవకయ్యేసరికి వేట తీరే మారింది.