నెలనెలా రంగూను మనియార్డరు

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు చెప్పుకొనుటకు దారిదొంగలును, విషూచియు కొంత కారణము. గుమ్మము దిగిన మనిషి మరల ఆ గుమ్మము త్రొక్కువరకు వాని జాడ తెలిసికొను సాధనము ఇంటివారికి లేకుండుట అంతకంటె పెద్ద కారణము. ఆరు మాసములు కబురు లేకున్నను అది శుభమో అశుభమో తేల్చుకొనుటకు ఆధారము లేదు, ఏలయన కబురు ఎప్పుడు రావలయునో ఎవ్వరును చెప్పి పోలేదు. గడువే లేనిచోట ఆలస్యమెట్లు ఏర్పడును?

ధనమును పలుకుబడియు గలవారు ఈ చిక్కును కొంతవరకు తప్పించుకొనిరి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో సపరివారముగా కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఆ పదునైదు మాసములకు పైబడిన ప్రయాణమున మజిలీలను, ఊళ్లను, దొరకు వస్తువులను, దొరకని వస్తువులను గుఱించి దినచర్యగా వ్రాసి తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు పంపుచు వచ్చిన వృత్తాంతమే 'కాశీయాత్ర చరిత్ర'యై 1838లో అచ్చుపడినది. నేడు దానిని మనము దేశస్థితిగతులకై చదువుదుము. నాడు శ్రీనివాసపిళ్ళ మాత్రము ప్రతి కట్టను విప్పగానే మొదట తేదీని, ఊరి పేరును చూచుకొని యుండునని నా యూహ.

సామాన్యునికి ఇట్టి వసతి అందవలెనన్నచో టపా చవుక కావలసి యుండెను. దూరమును బట్టి కూలి హెచ్చు పద్ధతి 1854లో పోయి, తేలిక యగు ఉత్తరము దేశమున ఎచటికైనను అర్ధణాకే పోవ నారంభించెను. 1879 జూలై 1వ తేదీన పావణా కార్డు వెలువడెను. మఱుసటి సంవత్సరారంభమున, అంతవరకు ప్రభుత్వ ఖజానాల చేతిలో నుండిన మనియార్డరు పని టపా కచేరీల పరమయ్యెను. కార్డు మహిమను పొగడువారు పెక్కుమంది గలరు. నా మట్టుకు నాకు మనియార్డరే ఘనమైనదిగా తోచును. కార్డు వ్రాయుటకు తీరికయు, ఓపికయు, అక్షరమును కావలెను. మనియార్డరునకు జీతపురోజు వచ్చిన చాలును, అది ఎట్లును నెలకొకమారు వచ్చి తీరును.

దీని ప్రభావము స్పష్టముగా చూడవలెనన్న రంగూను వలసను చూడవలెను. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల పేదకుటుంబముల మగవారు కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులలో బ్రిటిష్ ఇండియా కంపెనీవారి పొగయోడల నెక్కి, డెక్కు మీదనే పడుకొని బంగాళాఖాతమును దాటి, బర్మా బియ్యపు మిల్లులలోను, వరి కోతలలోను, రంగూను రేవు బస్తాల క్రిందను, రిక్షా కాడుల నడుమను బ్రతుకు వెదకికొనిరి. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరిట అచటివారు వీరినందఱిని కోరంగీలని పిలిచిరి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువారు లక్షన్నరకు మించియుండిరి. వారిలో అధికసంఖ్యాకులు పురుషులు. ఆలుబిడ్డలు ఇచట, సంపాదన అచట. మేస్త్రీ వద్ద పుచ్చుకొనిన బయానా అప్పు రెండుచోట్లను. బర్మా 1937 ఏప్రిలు వరకు ఇండియాలో ఒక రాష్ట్రముగానే యుండుట వలన, నడుమ సముద్రమున్నను టపాకు మాత్రము అది స్వదేశమే.

ఆనాటి మనియార్డరు ఫారమును ఒకమారు చేతబట్టి చూడవలెను. సొమ్ము చెల్లింపునకు సంబంధించిన కాగితమునకు రెండు తునకలు అంటియుండును. ఒక తునక సొమ్ముతోపాటు పుచ్చుకొనువారికే మిగులును. దానిపై నాలుగు మాటలు వ్రాయుటకు చోటు గలదు. రెండవది రసీదు, దానిపై సంతకమో వేలిముద్రయో పడి, అది పంపినవానికి తిరిగిపోవును. మొదటి తునకపై, వ్రాయువాడు మేస్త్రీ యైనను అక్షరము వచ్చిన తోటికూలీ యైనను, మాటలు ఇంచుమించు ఒక్కటే: నేను క్షేమము, సొమ్ము ముట్టినట్లు తెలుపవలెను, పిల్లలు జాగ్రత్త. ఊరిలో దానిని చదివి వినిపించువాడు తఱచుగా సొమ్ము తెచ్చిన టపాజవానే గావున, ఆ సంసారపు క్షేమసమాచారము వీధియంతటికి ఏకకాలమున తెలియుచుండెను. గుట్టుగా నుంచుకొనదగిన మాట ఆ తునకపై ఎవ్వరును వ్రాయకుండుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

నన్ను ఎక్కువగా ఆకర్షించునది రెండవ తునక. ఓనమాలు రాని ఇల్లాలు సిరా పూసిన బొటనవ్రేలిని దానిపై నొక్కగా, ఆ ముద్ర మరల సముద్రము దాటి రంగూను బారకాసులోని మగని చేతికి చేరును. సొమ్ము ముట్టినదనుటతోపాటు, పుచ్చుకొనుటకు ఆ చేయి యున్నదనుట గూడ అతనికి దాని వలన తెలియును. ఉత్తరము వ్రాయలేని ఇద్దఱు మనుష్యులు నెలకొకమారు ఒకరినొకరు పలుకరించుకొనుటకు ప్రభుత్వము తన లెక్కల నిమిత్తమై కల్పించిన రసీదు ఉపయోగపడెను. పుచ్చుకొనువారు లేరని సొమ్మే మరలివచ్చినచో, అంతకంటె ఘోరమైన వార్త ఆ బారకాసునకు మఱియొకటి యుండదు.

ఈ క్రమబద్ధత నంతను ప్రేమ ఖాతాలోనే వ్రాయుట నాకు సమ్మతము గాదు. ప్రేమ కాశికి పోయినవాని ఇంటను ఉండెను. జీతపురోజు, పొగయోడ వేళాపట్టిక, టపాజవాను వచ్చు దినము అనునవి మూడును కలిసి గడువును సృష్టించినవి. గడువు ఏర్పడినంతనే కబురు లేకుండుట గూడ ఒక కబురయ్యెను. ఒక నెల తప్పినచో తుపానని, ఓడ ఆలస్యమని సరిపెట్టుకొనవచ్చును. రెండవ నెలయు తప్పినచో అడుగుటకు ఇండ్లుండెను: అదే మేస్త్రీ చేతిక్రింద, అదే ముఠాలో పోయినవారి ఇండ్లు. వారికిని రాలేదనిన ఓడదే తప్పు; వారికి వచ్చినదనిన గుండె జారును. ఒక వీధిలోని పది ఇండ్ల మనియార్డర్లు ఒకదానికొకటి సాక్ష్యము చెప్పుచుండెను.

1930 మే నెలలో రంగూను రేవున, సమ్మె చేసిన తెలుగు కూలీలకును వారి స్థానమున తేబడిన బర్మా కూలీలకును నడుమ పుట్టిన ఘర్షణ నగరమంతట అల్లరిగా మాఱి పెక్కుమంది ప్రాణములు తీసెను. ఆ వేసవిలో ఈ తీరపు పల్లెలలో టపాజవాను కొఱకు ఎందఱు ఎదురు చూచిరో ఊహించుకొనవచ్చును. అంతకు మించిన గండము 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై జపాను బాంబులు పడుటతో ఆరంభమై, 1942 మార్చిలో నగరము వారి వశమగుటతో పూర్తి యయ్యెను. లక్షలాది భారతీయులు అరకాను కనుమల గుండను, మణిపురపు కొండల గుండను కాలినడకన తరలిరి. వేలకొలది దారిలోనే మలేరియాకు, విషూచికి, ఆకలికి బలియైరి. రంగూను టపా ఆగిపోయెను. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై గూడ జపాను బాంబులు పడగా, కబురు పంపవలసినవాడును అందుకొనవలసినవారును ఒక్క యుద్ధములోనే చిక్కుకొనిరి. నూఱేండ్ల క్రిందటి కాశీయాత్రికుని ఇంటి స్థితి ఈ తీరమునకు మరల వచ్చెను: మనిషి గుమ్మము త్రొక్కినపుడే క్షేమవార్త.

తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. ట్రంకుకాలు వచ్చినది, బుక్కు చేసికొని గంటలకొలది నిరీక్షించి, మూడు నిమిషములలో ముప్పది మందిని పలుకరించుట మనవారు నేర్చిరి. 1960లో కాన్పూరు, లక్నోల నడుమ నేరుగా అంకెలు త్రిప్పి మాటలాడు ఎస్.టి.డి. మొదలయ్యెను, అది మన పట్టణములకు వ్యాపించి, పసుపుపచ్చని పలకల బూతులు వీధివీధిని వెలసిన కాలమున, పొద్దుపోయిన తరువాత పావు రేటు గావున రాత్రి పదకొండు గంటలు కుటుంబ సంభాషణలకు శుభముహూర్తమయ్యెను. ఎఱ్ఱని అంకెలు పరుగెత్తు మీటరు వంకనే చూచుచు మాటలాడినవారు ఆనాడు ఏమి విన్నారో నాకు అనుమానమే! ఇచటను గడువును నిర్ణయించినది కంపెనీవారి రేటే.

ఇప్పుడు మాటకు వెల ఇంచుమించు లేదు. ఏ క్షణమున నైనను పలుకరింపవచ్చును. అట్లుండియు అమెరికాలో బిడ్డలున్న ఇండ్లలో పెక్కింట ఆదివారము ఉదయమను గడువును తామే మరల కల్పించుకొనిరి, అచట అది శనివారము రాత్రి గావున. న్యూయార్కునకును మనకును నడుమ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలమున పదిన్నర గంటలు వ్యత్యాసము. నవంబరులో అచటి గడియారములు వెనుకకు జరిగిన తరువాతి ఆదివారమున, ఏడింటికి రావలసిన ఫోను ఎనిమిదింటికి గాని రాదు. ఈ సంగతి తెలిసిన పెద్దలు కాలెండరులో ఆ తేదీని ముందే గుర్తు పెట్టుకొనుచున్నారు, తెలియనివారు ఏడుం బావునకే పొరుగింటివారి నడిగి వచ్చుచున్నారు.