నూతి నీటి నడక

1854లో మారిషస్‌లోనూ, లండన్‌లోనూ కలరా చెలరేగింది. లండన్‌లో డాక్టర్ జాన్ స్నో బ్రాడ్ వీధి నూతిని అనుమానించాడు. చూస్తే నీరు తేట. రుచిగా ఉందని దూరంనుంచి తెప్పించుకున్నవారూ ఉన్నారు! తరువాత తవ్వితే మూడడుగుల లోపే మురుగుగుంట, దాని ఇటుకలు వదులై ఉన్నాయి.

కోరంగి రేవునుండి ఓడలెక్కిన మన పెద్దలలో గోదావరి ఒండ్రునేలవారు ఉన్నారు. ఇసుకలో నీరు మెల్లగా నడుస్తుంది, మురికి కొంత దారిలోనే ఆగుతుంది. ఆ నడకకు 1856లో ఫ్రెంచి ఇంజనీరు డార్సీ లెక్క కట్టాడు: వాలు పెరిగినకొద్దీ వేగం పెరుగుతుంది.

అక్కడి నూతి లెక్క ఇక్కడ చెల్లదు. ఈ దీవి అగ్నిపర్వతపు నల్లరాయి. పగుళ్లలో నీరు వడపోత లేకుండానే పరుగెడుతుంది. మరుగుదొడ్డి గుంటనుంచి వచ్చే క్రిములు కాచితే చస్తాయి. చెరకు ఎరువులోని నైట్రేటుకు రంగూ వాసనా లేవు, కాచినా పోదు. మన కుళాయి నీటిలో సుమారు సగం ఆ రాతి పొరలలోనిదే.