వేరుకాపురం

“అక్కా, దొంగని పట్టింది పోలీసులు. మరి కోర్టులో వాదించేది వేరే ఆయనెందుకే?” అనడిగింది కోకాపేటలో ఉంటున్న మా చెల్లెలు.

ఒకప్పుడు చిన్న కోర్టుల్లో చాలాచోట్ల పోలీసు అధికారులే వాదించేవారు. పట్టుకున్నవాళ్ళే వాదిస్తే కేసులో లోటుపాట్లు చెప్పేదెవరు? అందుకే 1974 ఏప్రిల్ 1న అమలుకొచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఇద్దరిచేతా వేరుకాపురం పెట్టించింది. ప్రాసిక్యూటర్లమీద పోలీసుశాఖ పెత్తనం కూడదని 1995లో సుప్రీంకోర్టూ చెప్పింది.

బాగానే ఉంది. కానీ వేరుపడ్డ అన్నదమ్ములు మాటలు కూడా మానుకుంటే? సాక్ష్యంలో లొసుగు కేసు కొట్టేశాక బయటపడితే, ఏడ్చేది ఫిర్యాదిచ్చిన ఇల్లాలే.

2024 జూలై 1న వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేళ్ళనుంచి పదేళ్ళలోపు శిక్షపడే కేసుల్లో పోలీసు రిపోర్టును పరిశీలించే పని ప్రాసిక్యూషన్ డిప్యూటీ డైరెక్టరుకి అప్పగించింది.

పొయ్యిలు వేరైనా నడిమిగోడకి తలుపుండాలిగా! చట్టం తలుపు పెట్టింది. తియ్యాల్సింది మాత్రం ఆ ఇద్దరే.