ఒకే గొట్టం, ముగ్గురి నోళ్లు

పుదుచ్చేరి వీధుల్లో తిరిగితే ఎర్రటోపీల పోలీసులు మీకు కనిపిస్తారు. పైన చదునుగా, ముందు చిన్న అంచుతో ఉండే ఆ టోపీ పేరు కెపి. 1954 నవంబరు 1న ఫ్రెంచివారు పాలన అప్పగించి వెళ్లినా టోపీ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. పోలీసు బ్యాండూ అంతే. ఉత్సవాలు వచ్చాయంటే ఎర్రటోపీల బృందం గాలివాయిద్యాలు ఊదుతూ నడుస్తుంది.

ఆ బ్యాండును చూస్తున్నప్పుడు మీకొక సందేహం రావచ్చు. ఒకరు ఊదిన వాయిద్యాన్ని మరొకరు ఊదితే జబ్బులు అంటుకుంటాయా? మీ కళాశాల ఎన్.సి.సి.లో ఒకే బ్యూగిల్ మీద నలుగురు నేర్చుకుంటున్నారనుకోండి, అప్పుడిది మీ సొంత సమస్య.

దీనికి తొలి జవాబు ఫ్రాన్సులోనే, గాజు కార్ఖానాల్లో దొరికింది. లియాన్ నగరం దగ్గర రివ్-ద-జియే అనే ఊళ్లో సీసాలు చేసేవారు. పొడవైన ఇనుప గొట్టం చివర కరిగిన గాజుముద్దను తీసుకుని ఊదాలి. ఒక్కో జట్టులో ముగ్గురు. గొట్టం ఒకరి నోటినుంచి మరొకరి నోటికి మారుతుంది. గాజు గట్టిపడేలోగా పని ముగించాలి కనుక తుడిచి అందించే తీరిక ఎక్కడిది?

1850ల చివర్లో జోసెఫ్ రోలే అనే లియాన్ వైద్యుడు ఈ కార్మికుల పెదవులమీద, నోటిలోపల సిఫిలిస్ (సవాయి) పుండ్లను గమనించాడు. అది సాధారణంగా లైంగిక సంబంధంవల్ల వచ్చే వ్యాధి. వీరికి నోటిలో మొదలైందంటే దాన్ని మోసుకొచ్చింది గొట్టమేనని ఆయన తేల్చాడు. షసాన్యీ అనే మరో లియాన్ వైద్యుడు ఉపాయం చెప్పాడు. గొట్టం అందరిదీ కావచ్చు. నోట్లో పెట్టుకునే కొస మాత్రం ఎవరిది వారికే ఉండాలి, ఊదేటప్పుడు తగిలించుకుని, తర్వాత తీసేసుకోవాలి. ఆ వ్యాధిని కలిగించే క్రిమిని షౌడిన్, హాఫ్‌మన్ కనుగొన్నది 1905లో. అంటే శత్రువు ముఖం చూడకముందే దాని దారిని మూసే మార్గం దొరికిందన్నమాట!

మరి సంగీత వాయిద్యాల మాటేమిటి? అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2011లో దీన్ని పరీక్షించారు. రీడ్లమీద, మౌత్‌పీసులమీద వేసిన బాక్టీరియా చాలావరకు ఒకటి రెండు రోజుల్లో నశించింది. క్షయ జాతికి చెందిన, బలహీనపరచిన బాక్టీరియా మాత్రం 13 రోజులదాకా బతికింది. పెదవికి ఆనించి ఊదే ఫ్లూటు కంటే, నోట్లో పెట్టుకునే క్లారినెట్ రీడ్ సూక్ష్మజీవులకు అనువైన చోటు. తడిని పీల్చుకుని దాచుకునేది అదే.

అంతమాత్రాన భయపడకండి. క్రిమి బతికి ఉండటం వేరు, జబ్బు రావటం వేరు. క్షయ ప్రధానంగా రోగి దగ్గినప్పుడు గాలిద్వారా సోకుతుంది. జలుబు, పెదవులమీద పొక్కులు తెప్పించే హెర్పిస్ వంటివి మాత్రం లాలాజలంతో సులువుగా చేతులు మారతాయి. ఇతరులతో పంచుకోకపోయినా శుభ్రం చేయని వాయిద్యం ప్రమాదమే. బ్రిటన్‌లో బ్యాగ్‌పైప్ వాయించే ఒక వ్యక్తి ఊపిరితిత్తుల వ్యాధితో 2014లో మరణించాడు. ఆయన వాయిద్యం లోపలి తడిలో పెరిగిన బూజులే దానికి కారణమై ఉండవచ్చని వైద్యులు భావించారు.

ఇప్పుడు మళ్లీ పుదుచ్చేరికి రండి. గుళ్లో నాదస్వర విద్వాంసుడి వాయిద్యాన్ని దగ్గరగా చూడండి. పైకొసన దారానికి కట్టిన చిన్న చిన్న పీకలు వేలాడుతుంటాయి. తమిళులు వాటిని సీవాళి అంటారు. అవి ఊడదీసి మార్చుకునేవి. షసాన్యీ కార్మికులకు చెప్పిన ఉపాయానికి కావలసిన ఏర్పాటు మన వాయిద్యంలో ముందే ఉంది!

కనుక బ్యాండులో చేరితే ఈ మూడూ గుర్తుంచుకోండి. రీడ్, పీక ఎవరికీ ఇవ్వకండి. మౌత్‌పీస్ వీలైతే సొంతంగా ఉంచుకోండి, లేకుంటే చేయి మారినప్పుడల్లా సబ్బునీటితో కడగండి. వాయించాక లోపలి తడి తుడిచి, ఆరాకే పెట్టెలో పెట్టండి. బ్యూగిల్ నలుగురిదీ కావచ్చు, నోటికి తగిలే కొస మాత్రం మీదే కావాలి.