లెక్కలో ఉన్నోళ్లు, లెక్క తప్పినోళ్లు: హెచ్‌ఐవీ వైద్యాన్ని కొలిచిన చరిత్ర

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికగా చదవండి. సర్కారు ఒక జబ్బును ఎట్లా లెక్కబెడితే, దానికి వైద్యం కూడా అట్లనే అందుతది. ఈ సంగతి హెచ్‌ఐవీ చరిత్రలో సాఫ్‌గా కనిపిస్తది.

మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) ఏర్పడింది. అప్పట్లో లెక్క అంతా ఒక్కటే: జబ్బు ఎంతమందికి ఉంది? ఇందుకోసం ఎంపిక చేసిన సర్కారు దవాఖానలకు వచ్చే గర్భిణుల రక్త నమూనాలను ఏటా పరీక్షించి, దాని మీద జనం మొత్తానికి అంచనా కట్టేవాళ్లు. తర్వాత గుంటూరు జిల్లాలో పరిశోధకులు నేరుగా జనంలోకి పోయి పరీక్షలు చేస్తే, జబ్బు ఉన్నోళ్లు సర్కారు అంచనా కన్నా బాగా తక్కువని తేలింది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లెక్క 0.97 శాతం వచ్చింది, అంటే నూటికి దాదాపు ఒకరు. 2007లో దేశం మొత్తం అంచనాయే 52 లక్షల నుంచి సుమారు 25 లక్షలకు దిగింది. జబ్బు ఒక్కరోజులో సగం కాలేదు, కొలిచే పద్ధతి మారింది. దవాఖానకు వచ్చినోళ్లను చూసి రానోళ్లను అంచనా కడితే ఏమైతదో ఇక్కడే అర్థమైంది.

మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఇంకో కొలత కూడా ఉండేది. గల్ఫ్ వీసాకు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. పరీక్షలో తేలితే కాగితం మీద ‘అన్‌ఫిట్’ అని పడేది. ఆ పరీక్ష పని మనిషిని పక్కన పెట్టుడు వరకే, వైద్యంతో దానికి సంబంధం లేదు.

ఉచిత ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ 1న మొదలైనయి. కేసులు ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి నుంచి లెక్క మారింది: ఎంతమందికి మందులు మొదలుపెట్టినం? కానీ మందులు అందరికీ ఇచ్చేవాళ్లు కాదు. రక్తంలో సీడీ4 కణాలు 200 కన్నా తగ్గితేనే ఇచ్చేది. తర్వాత ఆ హద్దును 350కి, 500కి పెంచుకుంటూ వచ్చి, 2017లో పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు అన్నరు. అంతకుముందు “ఇంకా టైముంది, మళ్లీ రా” అని పంపినోళ్లలో తిరిగి రానోళ్లు ఎందరో.

మందులు ఇచ్చుడు వేరు, మంచిగ వైద్యం చేసుడు వేరు. ఈ తేడాను కొలిచే పద్ధతి అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో మొదలై, 2000 దశకంలో థాయిలాండ్ సర్కారు దవాఖానల దాకా వచ్చింది. పద్ధతి సాదాగా ఉంటది. కొందరు పేషెంట్ల రికార్డులు తీసి చూస్తరు: సీడీ4 పరీక్ష టైముకు అయిందా? టీబీ లక్షణాలు అడిగిండ్రా? అవసరమైనోళ్లకు కాట్రిమోక్సజోల్ గోళీలు ఇచ్చిండ్రా? లోటు కనబడ్డ చోట సరిచేసి, కొన్ని నెలలకు మళ్లీ కొలుస్తరు. దవాఖాన తనను తాను పోయినసారితో పోల్చుకుంటది. మన ఏఆర్‌టీ కేంద్రాల్లో కూడా ఈ సమాచారం రాస్తరు. కేంద్రంలో ఉండేది తెల్ల కార్డు, పేషెంట్ చేతికిచ్చేది పచ్చ పుస్తకం.

అసలు మెలిక ఎక్కడుందో చూడండి. మూడు నెలలు మందులకు రాని మనిషిని ‘ఎల్‌ఎఫ్‌యూ’ అని రాస్తరు, అంటే ఆచూకీ తప్పినట్టు. ఒక కేంద్రంలో 100 మందికి మందులు మొదలుపెట్టిండ్రు అనుకుందాం. 5 మంది చనిపోయిండ్రు, 30 మంది ఆచూకీ తప్పిండ్రు. మిగిలిన 65 మందిలో 60 మందికి వైరస్ అదుపులో ఉంది. మందులు వాడుతున్నోళ్లలోనే చూస్తే ఫలితం 92 శాతం, శభాష్ అనాలె. మొదలుపెట్టినోళ్లందరిలో చూస్తే 60 శాతమే. రెండూ నిజమైన అంకెలే. ఏది చెప్పాలన్నది కొలిచేటోళ్ల చేతిలో ఉంటది.

2018లో అందరికీ ఉచిత వైరల్ లోడ్ పరీక్ష వచ్చినంక కొలత ఇంకా గట్టిపడ్డది. మిల్లీలీటరు రక్తంలో వైరస్ 1000 కాపీల లోపు ఉంటే మందు పనిచేస్తున్నట్టు లెక్క. ఇప్పటి లక్ష్యం 95-95-95: ఉన్నోళ్లలో 95 శాతానికి తమకు జబ్బు ఉందని తెలవాలె, తెలిసినోళ్లలో 95 శాతం మందులు వాడాలె, వాడేటోళ్లలో 95 శాతానికి వైరస్ తగ్గాలె. మూడూ గుణిస్తే మొత్తం నూటికి 86 మంది. అంటే లక్ష్యం నెరవేరినా 14 మంది బయటనే ఉంటరు. ఆ 14 మంది ఎవరు? పట్నం పక్కన ఉండేటోళ్లా, లేక నార్నూర్, గాదిగూడ, తిర్యాణి దిక్కు వాగు దాటి వచ్చేటోళ్లా?

ఉట్నూర్ నుంచి ఆదిలాబాద్ సుమారు 50 కిలోమీటర్లు. లోపలి గూడేల నుంచి అయితే ఇంకా దూరం. ఒక్క ట్రిప్పుకు ఒకరోజు కూలి పోతది, బస్సు కిరాయి పడతది. అసుంటప్పుడు ఆచూకీ తప్పింది మనిషా, దవాఖానా? 2020 లాక్‌డౌన్‌లో ఒకేసారి రెండు మూడు నెలల మందులు ఇచ్చిండ్రు. అంటే నెలనెలా తిప్పుడు వైద్యానికి తప్పనిసరి కాదని రుజువైంది.

2017 హెచ్‌ఐవీ చట్టం చికిత్సను “సాధ్యమైనంత మేరకు” అందించాలని అంటది. ఎంత సాధ్యమైంది, ఎక్కడ ఆగింది అని అడగాలంటే అంకెలు కావాలె. కానీ ఒక జాగ్రత్త. అదే చట్టం మనిషి హెచ్‌ఐవీ వివరం బయటపెట్టొద్దని కూడా అంటది. నలభై ఇండ్ల గూడెంలో ‘ఒకరు’ అని రాస్తే అది అంకె కాదు, పేరు చెప్పినట్టే. అందుకే గూడెం వారీగా అడగొద్దు, ఐటీడీఏ మొత్తం మీద అడగాలె: మందులు మొదలుపెట్టినోళ్లలో ఏడాది తర్వాత ఎంతమంది ఉన్నరు? వైరల్ లోడ్ పరీక్ష ఎంతమందికి అయింది? దూరం నుంచి వచ్చేటోళ్లకు, దగ్గరోళ్లకు ఫలితంలో తేడా ఎంత?

నర్సింగ్, ఫార్మసీ, సోషల్ వర్క్ చదివే మనోళ్లు చాలామంది ఉన్నరు. రేపు ఆ తెల్ల కార్డులు నింపేది మీరే కావచ్చు. ‘ఎల్‌ఎఫ్‌యూ’ అని రాసే ముందు, ఆ మనిషి ఎందుకు రాలేదో ఒక్క మాట పక్కన రాయండి. కామెంట్లలో మీ ఆలోచనలు చెప్పండి, కానీ ఎవరి పేరూ, ఏ ఊరి పేరూ రాయకండి.