మంచును కరగించిన నష్టము

ఉదజనిని, ఆమ్లజనిని సంయోగపరచి విద్యుచ్ఛక్తిని పుట్టించు ఇంధన ఘటము యొక్క తొలిరూపమును 1839లో విలియం గ్రోవ్ లోకమునకు వెల్లడించెను. ఆ సంయోగమున మిగులు వస్తువు నిర్మలమైన నీరొక్కటియే. ఆ నిర్మలత్వమే, అట్టి నీరు చలికి గడ్డకట్టునది కావున, మోటారు వాహనముల యెడ నొక చిక్కును తెచ్చిపెట్టినది.

తొలినాటి వాహనములకు ఈ బాధ అంతగా లేదు. 1966లో జనరల్ మోటార్స్ వారి ఎలక్ట్రోవాన్‌లోను, 1970లో కార్ల్ కోర్దెష్ తన ఆస్టిన్ కారులోను వాడిన ఘటములందు పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణ ముండెడిది. గాఢమైన ఆ ద్రావణము నీరు గడ్డకట్టు శైత్యమునకు గడ్డకట్టదు. అయితే గాలిలోని బొగ్గుపులుసు వాయువు దానిని చెరచును. కావున తరువాతి నిర్మాతలు, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో గ్రబ్, నీడ్రాక్‌లు రూపొందింపగా 1965లో జెమిని 5 నౌకలో అంతరిక్షమున కేగిన, ద్రావణమునకు బదులు పొరను వాడు ఘటముల వైపు మొగ్గిరి. ఆ పొర తడిగా నున్నంత వరకే పనిచేయును. ఒక దోషమును తొలగించుకొనబోయి శైత్యమునకు వాకిలి తెరచిరన్నమాట.

నీరు మంచుగా మారునప్పుడు దాని ఘనపరిమాణము సుమారు 9 శాతము పెరుగును. పగలెల్ల నడచిన వాహనము రాత్రి చలిలో నిలిచినచో, మిగిలిన తేమ సన్నని రంధ్రములలో గడ్డకట్టి పొరలను నొక్కును. ఉదయము ఘటమును మేల్కొల్పగానే ఆమ్లజని పక్షమున క్రొత్తగా పుట్టిన నీరును మంచై, గాలి రాకపోకల నరికట్టి, ప్రక్రియనే ఆపివేయును. మంచు మూసివేయుటకు ముందే ఘటము వేడెక్కవలయును. ఇది క్షణములతో పందెము.

2002 డిసెంబరులో హోండా, టయోటాలు జపాను, కాలిఫోర్నియాలలో ఇంధన ఘటపు కార్లను అద్దెకిచ్చుటకు ఆరంభించినవి. లాస్ ఏంజిలిస్ వంటి మృదువైన శీతోష్ణముగల చోటు తొలి రంగమగుట యుక్తమే. మరుసటి ఏట హోండా -20 డిగ్రీల వద్ద కదలగల ఘటసముదాయమును ప్రకటించెను. త్వరగా వేడెక్కు పలుచని లోహపు పలకలు అందు ముఖ్యమైన మార్పు. 2004లో ఆ కార్లు హిమపాతమెరిగిన న్యూయార్కు రాష్ట్రమునకు చేరినవి.

టయోటా శిల్పులు తొక్కిన త్రోవ నాకు మరింత ఆశ్చర్యము గొలుపును. ఇంధనమును విద్యుత్తుగా మార్చుటలో నష్టమును తగ్గించుటయే దశాబ్దుల పరిశ్రమకు లక్ష్యము కాగా, వీరు ఆరంభ నిమిషములలో గాలిసరఫరాను బుద్ధిపూర్వకముగా తగ్గించి, ఘటము నష్టముతో నడచునట్లు చేసి, ఆ నష్టమునే ఉష్ణముగా గ్రహించిరి. బాహ్య తాపకము పెద్దగా అక్కరలేకయే లోపలినుండి వేడి పుట్టినది. ఇంతటి నిశితమైన యోచన యంత్రశాస్త్ర చరిత్రలో తరచుగా కనబడదు. 2008 నాటి వారి కారు -30 డిగ్రీల వద్ద సయితము బయలుదేరగల దయ్యెను.

అయినను మునుపటి రాత్రి జాగ్రత్త తప్పలేదు. వాహనము ఆగినపుడు గాలిని ఊది తేమను వెలికి నెట్టుట నేటికిని ఆచారముగా నున్నది. 2014 డిసెంబరున విక్రయమునకు వచ్చిన మిరాయ్ కారులో, నీటిని ముందుగానే విడిచిపెట్టుటకు చోదకుని చేతి కందునట్లు ప్రత్యేకముగా నొక మీటను అమర్చిరి.