తుపాకి గొట్టం ఎంత ఓర్చుకుంటుంది?

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శి గారు కోరారు. కొండారెడ్డి బురుజు గురించీ గండికోట గురించీ రాసేవారు ఎలాగూ ఉంటారు గనుక, నేను ఆయుధ లైసెన్సుల సీటులో కూర్చున్న రోజులనాటి సంగతి రాద్దామనుకున్నాను. సీమ అనగానే బయటివారికి నాటుబాంబులే గుర్తొస్తాయి. నేను ఆ జోలికి పోవడం లేదు. చేనికాపలా తుపాకి గురించి, దాని గొట్టంలో పుట్టే ఒత్తిడి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

1959 నాటి ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. పంట కాపాడుకునే రైతుకు మూతినుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని అందులో 13వ సెక్షనులోనే ఉంది. అడవిపందులు వేరుశనగ చేలో పడితే రాత్రికి రాత్రి గుంటలు చేసి పోతాయని మన పాఠకులకు చెప్పనక్కరలేదు. 1970ల చివర, రెన్యూవలుకు వచ్చిన రైతులు తుపాకిని గోడకు ఆనించి నిలబడితే, నేను నంబరు సరిచూసి ఫైలు పైకి పంపేవాణ్ణి. గొట్టం మీద ప్రూఫు ముద్ర ఉందా లేదా అని ఒక్కసారీ చూడలేదు. చూసినా దాని అర్థం తెలియదు.

ఆ ముద్ర చరిత్ర పెద్దది. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలూ మందుగుండూ రహస్యంగా పోగుచేశాడని ఇంగ్లీషువారు 1839లో కోటను పట్టుకున్నారు. ఆ అక్టోబరులో జోహరాపురం దగ్గర ఆయన్ను బందీ చేసి తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి సంవత్సరం అక్కడే హత్యకు గురయ్యాడు. ఆ రోజుల్లో ఎవరు ఫిరంగి పోతపోసినా, అది ఎంత ఓర్చుకుంటుందో తెలుసుకునే మార్గం ఒక్కటే. మామూలుకంటే ఎక్కువ మందు పెట్టి, దూరంగా నిలబడి పేల్చడం. పగలకపోతే మంచిది. దీన్నే ప్రూఫు అంటారు. బర్మింగ్‌హాంలో ఇందుకోసం 1813లో చట్టం చేసి ప్రూఫు హౌసు పెట్టారు.

అయితే ప్రూఫు వల్ల గొట్టం నిలిచిందని తెలుస్తుందే గాని, లోపల ఒత్తిడి ఎంతో తెలియదు. ఆ లెక్క మొదట కట్టినవారిలో బెంజమిన్ రాబిన్స్ ఒకడు. 1742లో పుస్తకం రాసి, మందు పేలినప్పటి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లని అంచనా వేశాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా వచ్చి, 1751లో కడలూరు సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. కంపెనీ కొలువు మహిమ! 1860ల్లో ఆండ్రూ నోబుల్ గొట్టానికి రంధ్రం చేసి, అందులో చిన్న రాగి దిమ్మ పెట్టి, పేలినప్పుడు అది ఎంత నలిగిందో చూసి ఒత్తిడి కొలిచాడు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. ఒకే 303 రైఫిలు తూటాకు గరిష్ఠ హద్దు రాగి కొలతలో 45,000, ఎలక్ట్రానిక్ కొలతలో చదరపు అంగుళానికి 49,000 పౌన్లు. లారీ టైరులో ఉండేది వంద పౌన్ల లెక్క. ఒక కొలత అంకెను మరో కొలత అంకె అనుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. అమెరికాలో తూటాలు ఇంట్లోనే నింపుకునేవారు చాలామంది ఉన్నారు. వారు కంపెనీ పుస్తకంలోని గరిష్ఠాన్ని దాటకూడదు. పేలిన తూటా అడుగున టోపీ చదునైందేమో చూసి కొందరు అంచనా వేస్తారు గాని, ఆ గుర్తు కనబడేసరికే హద్దు దాటిపోయి ఉండవచ్చు.

కుక్కరుకైతే వెయిట్ ఉంది, అది పనిచేయకపోతే సేఫ్టీ వాల్వు ఉంది. తుపాకికి అలాంటిది లేదు. గుండు ముందుకు కదలడం ఒక్కటే దారి.

సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాత మందు కొంత మెత్తనిది. 1884లో ఫ్రాన్సులో పొగరాని మందు వచ్చింది, 1889లో ఇంగ్లీషువారి కార్డైటు వచ్చింది. మన పక్క నీలగిరుల్లో అరువంకాడు ఫ్యాక్టరీ కార్డైటుకే పుట్టింది. ఈ రకం మందు ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా మండుతుంది. అందుకే కొంచెం ఎక్కువైనా ఒత్తిడి గభాలున పైకి పోతుంది. ఎండ కూడా తోడవుతుంది. ఇంగ్లండు కంపెనీలు కొన్ని రకాల తూటాలను ఉష్ణదేశాల కోసం మందు తగ్గించి చేసేవి. కర్నూలు మే నెల ఎండ తెలిసినవారికి కారణం చెప్పాలా?

మా ఆఫీసుకు వచ్చే ఒక రైతుకు ఎవరో పట్నంవారు తూటాలు విప్పి తీసిన మందు ఇచ్చారు. తాత కాలంనుంచి వస్తున్న కొలగిన్నెతోనే ఆయన దాన్ని కొలిచి, గజంతో కూరాడు. కొలత పాతదే, మందు కొత్తది. గొట్టం చీలి ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి. అంతకు కొద్ది నెలల ముందే ఆ తుపాకి ఫైలు మీద "పరిశీలించడమైనది" అని రాసింది నేనే.

తర్వాత లైసెన్సు సరెండరు చేయడానికి వచ్చాడు. దరఖాస్తు నేనే రాసిపెట్టాను. సంతకం కుడిచేత్తో చేస్తూ, కాగితం జారకుండా ఎడమ మణికట్టుతో అదిమిపట్టుకున్నాడు. "ఇంత మంచి మందు ఇచ్చిరి సారూ, తుపాకి ముసలిదై తట్టుకోలేకపాయ" అన్నాడు.